మేడ మీద మందుల పెట్టె: బుడమేరు వరదలో ఒక అర్బన్ హెల్త్ సెంటర్ కేసు

మా సెంటర్‌లో ‘విపత్తు సన్నద్ధత ప్రణాళిక’ అని ఒక నీలం ఫైలు ఉండేది. ఏటా వానాకాలం ముందు తేదీ మార్చి, సంతకం పెట్టి మళ్లీ బీరువాలో పెట్టేవాళ్లం. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు ఆ బీరువా కింది అర నీళ్లలో మునిగింది. ఫైలు దొరికినా పెద్ద తేడా ఉండేది కాదులెండి. ‘సిబ్బంది అందరూ గంటలోపు కేంద్రానికి చేరుకోవలెను’ అన్నది అందులో మొదటి వాక్యం. ఆ గంటకి మా సిబ్బందిలో సగం మంది సొంత ఇళ్ల మేడల మీద నిలబడి పడవ కోసం చూస్తున్నారు.

నేను విజయవాడ సింగ్‌నగర్ వైపు ఒక అర్బన్ హెల్త్ సెంటర్‌లో మెడికల్ ఆఫీసర్‌ని. ఆ పది రోజుల్లో ఏం జరిగిందో, ఆ తర్వాత ఏడాదిలో మేం ఏం మార్చుకున్నామో ఇక్కడ రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకూడదని రోగుల వయసులు, కొన్ని వివరాలు మార్చాను.

వాన తగ్గాక వచ్చిన నీళ్లు

బుడమేరు వాగు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుంది. అది నగరం మీదికి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, డైవర్షన్ కాలువతో ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లిస్తారు. కృష్ణ మామూలుగా ఉన్నంతకాలం ఈ ఏర్పాటు నడుస్తుంది. కృష్ణే నిండుగా ఉంటే కాలువ నీళ్లకి పోయే దారి ఉండదు. ఆ సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. అంత నీరు అక్కడ అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. డైవర్షన్ కాలువ కట్టకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ ఒకదాని తర్వాత ఒకటి మునిగాయి.

వైద్యం సంగతి రాస్తూ ఇంజనీరింగ్ ఎందుకంటే, మా పొరపాటు మొదలైంది ఇక్కడే. శనివారమంతా కుండపోత. ఆదివారం వాన తగ్గింది, గండం గడిచిందనుకున్నాం. గడప దగ్గరికి నీళ్లొస్తే కాలువ పొంగిందిలే, సాయంత్రానికి తీస్తుందిలే అనుకున్నారు జనం. మందుల డబ్బా పైకి తీసుకెళ్లాలని ఎవరికీ తోచలేదు. టీవీ పైకెక్కింది, గ్యాస్ బండ పైకెక్కింది, బీపీ మాత్రలు మాత్రం కింద గూట్లోనే ఉండిపోయాయి. ఇది ఒకటి రెండు ఇళ్ల మాట కాదు, తర్వాత వీధి వీధి తిరిగినప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో ఇదే చెప్పారు.

వ్యాక్సిన్లు కాపాడబోయి

నా ఇల్లు రైల్వే లైనుకి ఇవతల. ఆదివారం సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా వెళ్లగలిగాను, దిగితే నీళ్లే. సెంటర్ పక్క వీధిలో ఉండే మా స్టాఫ్ నర్సు, వాచ్‌మన్ కలిసి మోకాలి లోతు నీళ్లలో లోపలికి వెళ్లి ఫ్రిజ్‌లోని వ్యాక్సిన్లు కోల్డ్ బాక్స్‌లో సర్ది ఎదురింటి రెండో అంతస్తుకి మోశారు. ఆ ఇంటివాళ్లు మంచం జరిపి చోటిచ్చారు. పేపర్లో వేయదగ్గ సంగతే. కానీ నాలుగు రోజుల తర్వాత పెట్టె తెరిచి చూస్తే కొన్ని పారేయాల్సి వచ్చింది.

వేడికి పాడయ్యాయేమోనని మేం భయపడ్డాం. అవి పాడైంది చలికి. ధనుర్వాతం టీకా, పెంటావాలెంట్, హెపటైటిస్-బి లాంటివి గడ్డకడితే పనికిరావు. డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాకును నేరుగా వాటి పక్కన పెట్టకూడదు. బయట పెట్టి, దానికి చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే వాడాలి. మా సిస్టర్‌కి ఈ సంగతి తెలియక కాదు. పాదాల దగ్గర నీళ్లు పెరుగుతుంటే ఐస్‌కి చెమట పట్టేదాకా ఎవరు ఆగుతారు? ఆమె తప్పుగా నేను రాయలేదు, ఎక్కడా రాయనివ్వలేదు కూడా. గ్రౌండ్ ఫ్లోర్‌లో, నేల మీద జానెడు ఎత్తు స్టాండు వేసి ఆ ఫ్రిజ్‌ని పెట్టించి సంతకం చేసింది నేనే.

ముగ్గురు రోగులు

పాము కాటుకి మేం సిద్ధంగా ఉన్నాం. విషం విరుగుడు వయల్స్ లెక్క చూసుకున్నాం. గాజు పరీక్షనాళికలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూసే పరీక్ష అందరికీ మళ్లీ నేర్పాను. వరదంటే పాములని కదా మన ఊహ. ఆ వారం మా చేతికి వచ్చిన పాము కేసు ఒక్కటి. అది కూడా నీటి పాము. భయంతో సొమ్మసిల్లిన మనిషికి మంచినీళ్లు, ధైర్యం సరిపోయాయి. గట్టి దెబ్బ కొట్టినవి రోజూ ఓపీలో చూసే జబ్బులే.

మొదటి మనిషి యాభై దాటిన మేస్త్రి, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటాడు. శనివారం వానకి వెళ్లలేదు, సోమవారం వరదకి వెళ్లలేదు. మంగళవారం మధ్యాహ్నం ఆయన భార్య ఎవరిదో ఫోన్ పట్టుకుని, "కాళ్లు లేవట్లేదంటున్నాడండి, ఒళ్లంతా బరువుగా ఉందంట" అంది. ఏం తిన్నాడని అడిగాను. పడవల్లో, డ్రోన్లలో వచ్చిన ఆహారంలో అరటిపళ్లు ఉన్నాయి. నీరసంగా ఉన్నాడని పక్కింటివాళ్లు కొబ్బరినీళ్లు ఇచ్చారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మేమే పంపాం, అవీ రెండు కలుపుకుని తాగాడు. మూడింటిలోనూ పొటాషియం ఉంటుంది. కిడ్నీలు పనిచేయని మనిషిలో అది బయటికి పోదు, నేరుగా గుండె మీద పడుతుంది. ఫ్లైఓవర్ దగ్గరికి తెచ్చేసరికి ఈసీజీలో టీ వేవ్స్ గుడారాల్లా లేచి ఉన్నాయి, పొటాషియం బాగా పెరిగిందనడానికి అది గుర్తు. గుండెని కాపాడటానికి కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చి పంపాం, ఆ రాత్రే డయాలసిస్ అయింది, బతికాడు. మేం మంచి మనసుతో పంపిన ప్యాకెట్ ఆయన్ని చంపబోయిందన్న మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

రెండోది పదకొండేళ్ల పాప. టైప్-1 షుగర్, ఇన్సులిన్ లేకపోతే బతుకు లేదు. వాళ్ల నాన్న చాలా జాగ్రత్త మనిషి. "ఫ్రిజ్ ఆగిపోయి రెండు రోజులైందండి, మందు చచ్చిపోయుంటదని పారబోశాను" అన్నాడు. వాడుతున్న ఇన్సులిన్ సీసా ఫ్రిజ్ బయట, ఎండ తగలని చల్లటి చోట దాదాపు నాలుగు వారాలు పనిచేస్తుంది. తడి ఇసుకలో మట్టికుండ, కుండలో సీసా పెట్టుకుంటే ఇంకా నయం. ‘ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే పెట్టాలి’ అని ప్రతి నెలా చెప్పాం తప్ప, ఫ్రిజ్ లేని రోజు ఏం చేయాలో ఒక్కసారీ చెప్పలేదు. చెప్పిన మాట ఆయన అక్షరాలా పాటించాడు. పైగా తిండి సరిగా లేదు కదా, తినని పిల్లకి సూది ఎందుకని వాళ్లమ్మ కూడా ఊరుకుంది. టైప్-1 పిల్లలకి తిండి తగ్గితే డోసు తగ్గించాలి తప్ప పూర్తిగా ఆపకూడదు. పాపకి వాంతులు మొదలయ్యాక గానీ కబురు అందలేదు.

ఇక్కడే మా ఆశా అక్క గురించి, అంటే వీధిలో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త గురించి చెప్పాలి. ఆమెదీ మునిగిన వీధే, మొదటి అంతస్తులో అద్దెకుంటుంది. పాప ఇల్లు ఆమెకి నాలుగు మేడల అవతల. పడవ రావడానికి ఇంకా రెండు గంటలంటే, ఆమె మేడ మీద నిలబడి కేకేసింది: "ఎవరింట్లోనైనా షుగర్ సూది మందు ఉందా?" రెండిళ్ల అవతల ఒక పెద్దాయన దగ్గర దొరికింది. తాడు కట్టిన బకెట్‌లో సీసా మేడ నుంచి మేడకి వచ్చింది. నేను ఫోన్‌లో ఉన్నాను. సీసా మీద 40 అని ఉందా, 100 అని ఉందా చూడమన్నాను. మిల్లీలీటరుకి ఎన్ని యూనిట్ల మందు ఉందో చెప్పే అంకె అది. 100 అని ఉంది. పాప ఇంట్లో ఉన్నవి 40 అంకె సీసాకి సరిపడే సిరంజీలు. అలాగే లాగి ఉంటే అనుకున్న డోసుకి రెండున్నర రెట్లు లోపలికి పోయేది. సిరంజి కూడా ఆ ఇంటి నుంచే తెప్పించి, అది ఏ రకం ఇన్సులినో అక్షరాలు చదివించుకుని, డోసు చెప్పి వేయించాను. పడవ వచ్చేదాకా ఆ సూది పిల్లని నిలబెట్టింది. అదే సాయంత్రం పెద్దాసుపత్రికి చేరింది.

మూడో కేసులో ప్రమాదం ఏమీ జరగలేదు, అందుకే రాస్తున్నాను. నెలలు నిండిన ఒక గర్భిణిని నొప్పులు రాకముందే సోమవారం పడవలో దాటించాం. ఆమె ఉందని మాకెలా తెలిసింది? వివరాలన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ట్యాబ్‌లో ఉన్నాయి. ట్యాబ్ చార్జింగ్ అయిపోయింది. చార్జింగ్ ఉన్న ఫోన్‌కి సిగ్నల్ లేదు. సిగ్నల్ ఉన్నచోట లాగిన్‌కి ఓటీపీ అడుగుతోంది, అది వేరే నంబరుకి పోతోంది, ఆ ఫోన్ నీళ్లలో ఉంది. ఆశా అక్క మాత్రం పాలిథిన్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టుకున్న గళ్ల నోటు పుస్తకం తీసి, "నా పుస్తకం తడవలేదు మేడమ్. ఎవరి పేరు కావాలి?" అంది.

చేతులు మారిన చోట

సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఆ వారం ఒక ఆస్పత్రి వరండాలా ఉంది. పడవ దిగిన రోగి ట్రాక్టర్ ఎక్కడం, ట్రాక్టర్ దిగి 108 ఎక్కడం అంతా అక్కడే. చేయి మారిన ప్రతిసారీ కొంత సమాచారం రాలిపోయేది. ఇంట్లోవాళ్లు ఒక పడవలో, రోగి ఒక పడవలో. ఒకామెకి ఫిట్స్ మాత్ర ఇచ్చామో లేదో తెలియక పై ఆస్పత్రి నుంచి నాకు మూడు ఫోన్లు వచ్చాయి. బుధవారం నుంచి ఒక పద్ధతి పెట్టాం: పోస్టు కార్డు సైజు అట్టముక్క మీద పేరు, వీధి, జబ్బు, ఇచ్చిన మందు, ఇచ్చిన టైము బాల్ పెన్నుతో రాసి జిప్ కవర్లో పెట్టి చేతికి కట్టడం. ఇంకు పెన్ను వద్దు, తడిస్తే పోతుంది. ఇంత చిన్న పనికి నాలుగు రోజులు పట్టడం సిగ్గుగానే ఉంది.

నీళ్లు తీశాక

మూడో గండిని సెప్టెంబరు 7న పూడ్చారు. ఆ రోజు వినాయక చవితి. మా వీధుల్లో పందిరి వేసినచోట ఇంకా పడవలే ఉన్నాయి. తర్వాత ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో బురద కడిగాయి. టీవీ వాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. మాకు పని ఎక్కువైంది అప్పుడే.

వరద జబ్బులు ఒక వరసలో వస్తాయి, దాని ప్రకారమే సిబ్బందిని సర్దుకోవాలి. విరేచనాలు మొదటి రోజుల నుంచే ఉంటాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో నడిచినవాళ్లకి వచ్చే లెప్టోస్పైరోసిస్ ఎక్కువగా ఐదు నుంచి పద్నాలుగు రోజులకి బయటపడుతుంది. జ్వరం, పిక్కల్లో తట్టుకోలేని నొప్పి, కళ్లు ఎర్రబారడం దాని గుర్తులు. డెంగీ ఇంకా వెనక వస్తుంది. దోమ గుడ్డు పెద్దదవ్వాలి, ఆ దోమ రోగిని కుట్టాలి, వైరస్ దానిలో పెరగాలి, అది ఇంకొకరిని కుట్టాలి. మూడు నాలుగు వారాలు ఇట్టే గడిచిపోతాయి. క్యాంపులన్నీ మొదటి వారంలో పెట్టి మూడో వారానికి ఎత్తేస్తే డెంగీ టైముకి అక్కడ ఎవరూ ఉండరు. మేం మూడో వారం కోసం ఇద్దరు ఏఎన్‌ఎం నర్సులకి ముందే సెలవులిచ్చి అట్టిపెట్టుకున్నాం. నాకు గర్వంగా అనిపించే నిర్ణయం ఇదొక్కటే.

బురద ఎత్తే పారిశుద్ధ్య కార్మికులకి వారానికోసారి డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు ఇచ్చాం. భోజనం చేశాక, గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి, వెంటనే పడుకోకూడదు. గర్భిణులకి, ఎనిమిదేళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదు. మాత్ర చేతిలో పెట్టి వెళ్లిపోతే సగం జేబుల్లోనే ఉంటాయి. మా హెల్త్ అసిస్టెంట్ ఉదయం టిఫిన్ బండి దగ్గర నిలబడి, ఇడ్లీ తిన్నవాళ్లకి అక్కడికక్కడే మింగించాడు.

నీళ్ల విషయంలో నా కోపం ఒకటి చెప్పాలి. రోడ్డు పక్కన బ్లీచింగ్ పౌడర్‌తో తెల్ల గీతలు గీయడం మనకో అలవాటు. పెద్దవాళ్లు వస్తున్నారంటే గీతలు ఇంకా తిన్నగా వస్తాయి. ఆ పౌడర్ ఉండాల్సింది తాగేనీటి ట్యాంకులో. సంపు తోడి, గోడలు రుద్ది కడిగి, మంచినీళ్లు నింపి, బ్లీచింగ్ వేసి అరగంట ఆగాక లీటరుకి కనీసం 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో చుక్కల మందు వేసి చూడాలి. పసుపు రంగు వస్తే ఉంది, రాకపోతే లేదు. నీళ్లు మడ్డిగా ఉంటే ముందు పటిక. మూత తీసి ఉంచిన బస్తాలో పౌడర్ తడి పీల్చి సత్తువ పోగొట్టుకుంటుంది. మాకు వచ్చిన బస్తాల్లో ఒకటి వాసన కూడా రాలేదు. చివరికి గీతలు గీయడానికి దాన్నే ఇచ్చాను.

ఏం మార్చాం

డిసెంబరులో సిబ్బందంతా కూర్చున్నాం. నీలం ఫైలు మళ్లీ రాయాలా అన్నది మొదటి ప్రశ్న. మా ఆశా అక్క అంది, "మేడమ్, నీళ్లొచ్చినరోజు సెంటర్‌కి ఎవరూ రాలేరు. వీధిలో ఉన్నవాళ్లే ఉంటారు." ప్రణాళిక మొత్తం ఆ మాట చుట్టూ తిప్పాం. సెంటర్‌ని కాపాడుకోవడం రెండో పని. వీధిలో, మేడ మీద, ముందే ఏముంటుందన్నది మొదటి పని.

ఒక్కో ఆశా పరిధిలో మొదటి అంతస్తో, ఆపైనో ఉండే ఒక ఇంటిని ఎంచుకున్నాం. సొంత ఇల్లు, ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండే ఇల్లు, వీధివాళ్లకి మొహమాటం లేని ఇల్లు కావాలి. ఈ మూడోది ఎంత కష్టమో ముందు తెలియలేదు. ఒక వీధిలో అందరికంటే పెద్ద మేడ ఒక ఆసామిది, కానీ సగం వీధి ఆ గడప తొక్కదు. చివరికి టైలర్ ఇల్లు కుదిరింది. ఆ ఇంట్లో మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా పెట్టాం: ఓఆర్ఎస్, జింక్ మాత్రలు, పారాసిటమాల్, బీపీ, షుగర్, ఫిట్స్ మాత్రలు కొద్దికొద్దిగా, క్లోరిన్ మాత్రలు, గాయాల కట్లు, విజిల్, టార్చి, బాల్ పెన్ను, అట్టముక్కలు, జిప్ కవర్లు. ఫిట్స్ మాత్రలు డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాకే ఇవ్వాలని మూత మీద రాశాం. ఇన్సులిన్ పెట్టలేదు. దానికి బదులు ఎవరింట్లో ఏ రకం ఉందో పుస్తకంలో రాసుకున్నాం.

ఆ పుస్తకం ఆశా అక్క గళ్ల నోటు పుస్తకానికి పిల్ల. కాగితమే, యాప్ కాదు. ఒక్కో వీధికి రెండు పేజీలు: ప్రసవం తేదీలు, డయాలసిస్ రోజులు, ఇన్సులిన్ వాడేవాళ్లు, ఆక్సిజన్ మెషిన్ ఉన్నవాళ్లు, టీబీ మందులు మింగేవాళ్లు, మంచం దిగలేనివాళ్లు. ఎవరి జబ్బు ఏదన్నది వీధికి తెలియకూడదు కాబట్టి పెట్టె ఉన్న ఇంట్లో పుస్తకం ఉండదు, ఆశా దగ్గరే ఉంటుంది. చివరి గడికి ‘వద్దు’ అని పేరు పెట్టాం. మేస్త్రి పేరు ఎదురుగా ఆ గడిలో అరటిపండు, కొబ్బరినీళ్లు, ఓఆర్ఎస్ అని ఉంటుంది. సాయం తెచ్చేవాళ్లకి ఏం ఇవ్వాలో చెప్పే జాబితాలు చాలా చూశాను, ఏం ఇవ్వకూడదో చెప్పేది ఎక్కడా చూడలేదు.

వ్యాక్సిన్ ఫ్రిజ్ పైకి పోయింది. అది తేలిక, రెండు ఉత్తరాలు, ఒక ఎలక్ట్రీషియన్.

రిహార్సల్ 2025 జూన్‌లో చేశాం. నవ్వులపాలయ్యాం. ఒక పెట్టె తాళంచెవి ఇంటాయన జేబులో గుంటూరు వెళ్లింది. ఇంకో ఇంట్లో పెట్టె మీద కుట్టు మిషన్ ఎక్కింది. మూడో పెట్టెలో టార్చి బ్యాటరీలు చీమిడి కారాయి. పడవలో రోగి వేషం వేసిన కుర్రాడి చేతికి కట్టిన అట్టముక్క మీద అందరూ అన్నీ రాశారు, టైము మాత్రం ఎవరూ రాయలేదు. మళ్లీ ఆగస్టులో చేశాం, కొంచెం నయం.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటింది. మా వీధుల్లోకి వరద రాలేదు కాబట్టి ఇది పరీక్ష అని నేను అనను. కానీ రెండు రోజుల ముందే పుస్తకం తీశాం. ప్రసవానికి దగ్గరున్న ఇద్దరిని ఆస్పత్రికి చేర్చాం. డయాలసిస్ వాళ్లకి ఒక రోజు ముందుకి జరిపించాం. ఇన్సులిన్ ఇళ్లకి ఆశాలు వెళ్లి కుండ ఉందా అని అడిగారు. పాప వాళ్ల నాన్న ఇసుకతో సహా చూపించాడట.

అప్పుడు బయటపడిన లోపం అద్దె ఇళ్లు. పుస్తకంలో ఉన్నవాళ్లలో కొందరు ఇల్లు మారిపోయారు, కొత్తగా వచ్చినవాళ్లు పుస్తకంలో లేరు. వరద తర్వాత ఈ పేటల్లో జనం బాగా అటూ ఇటూ అయ్యారు. ఇప్పుడు టీకాలు వేసే బుధ, శనివారాల్లో నెలకో రోజు పుస్తకం దిద్దుతున్నాం. ఆశాలకి ఇది అదనపు పని, అదనపు డబ్బు లేదు. అడిగాను, ఇంకా రాలేదు. ఒక వీధిలో టైలర్ ఇల్లు అమ్మేశాడు. కొత్తగా కొన్నవాళ్లు పెట్టెని మెట్ల కింద పెట్టారు. మెట్ల కింద అంటే గ్రౌండ్ ఫ్లోర్. వచ్చే శనివారం నేనూ ఆశా అక్కా వెళ్లి వాళ్లతో మాట్లాడాలి.